రిపబ్లికన్లు కొట్టుకుంటుంటే 401కె తీసేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో అద్దె ఇంట్లో ఉంటున్నాడు. హెచ్1బి మీద తొమ్మిదేళ్లయింది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన పిటిషన్‌కు (ఐ-140) ఆమోదం వచ్చింది కానీ కార్డు ఎప్పటికో తెలియదు. కోడలు ఇంట్లోనే ఉంటుంది. కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా 401కెలో 1,80,000 డాలర్లున్నాయి. ట్రంప్ పార్టీలోనే వీసాలు కావాలనే వాళ్లు, వద్దనే వాళ్లు కొట్టుకుంటున్నారట. వద్దనే వర్గం గెలిచేలోపు ఆ డబ్బంతా తీసి మంగళగిరిలో స్థలం కొనమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రిటైర్డ్ టీచర్, గుంటూరు

మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. 59½ ఏళ్లు నిండకుండా 401కె తీస్తే 10 శాతం జరిమానా, అంటే 18,000 డాలర్లు పోతాయి. తీసిన మొత్తం ఈ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. జీతం ఎంతో మీరు రాయలేదు. లక్షన్నర డాలర్లనుకుంటే ఈ డబ్బు 22, 24 శాతం శ్లాబుల్లో పడి, పన్ను కింద ఇంకో 40 వేల పైచిలుకు పోతుంది. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి అక్కడితో ఆగుతుంది. అంటే చేతికొచ్చేది దాదాపు మూడింట రెండు వంతులే. మంగళగిరిలో కొన్న స్థలం యాభై శాతం పెరిగితేగానీ మీరు బయల్దేరిన చోటికి చేరరు.

ఇక వర్గాల సంగతి. మీ బంధువులు రెండు వర్గాలే అనుకుంటున్నారు. నాకు కనీసం నాలుగు కనిపిస్తున్నాయి. తక్కువ పన్నులు, స్వేచ్ఛా వాణిజ్యం అనే 1980ల నాటి అధ్యక్షుడు రీగన్ బాట ఒకటి. ఫ్యాక్టరీలు అమెరికాలోనే ఉండాలి, వలసలు తగ్గాలి అనేది రెండోది. 1992లో సొంత పార్టీ అధ్యక్షుడు బుష్ మీదే ప్రైమరీలో పోటీకి దిగిన పాట్ బుకానన్ మాటలివి, ఇవాళ ట్రంప్ పాత సలహాదారు స్టీవ్ బానన్ నోట వింటున్నాం. ప్రభుత్వ అప్పు పెరిగితే ఒప్పుకోమనే కెంటకీ నేత థామస్ మాసీ లాంటి వాళ్లది మూడోది. 2024లో వచ్చి చేరిన మస్క్ లాంటి టెక్ సంపన్నులది నాలుగోది. వీళ్లలో ఒకరు గెలిచి మిగతావాళ్లు ఓడిపోవడమంటూ ఉండదు. పన్నుల దగ్గర ఒకరి మాట నెగ్గుతుంది, సుంకాల దగ్గర ఇంకొకరిది.

వీసాల సంగతే చూడండి. 2024 డిసెంబరులో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ని ట్రంప్ ఏఐ సలహాదారుగా ప్రకటించగానే, ట్రంప్ వీరాభిమాని లారా లూమర్ విరుచుకుపడింది. మస్క్, వివేక్ రామస్వామి హెచ్1బిని వెనకేసుకొచ్చారు, బానన్ వాళ్ల మీద లేచాడు. ఆ వీసాలు తనకిష్టమేనని ట్రంప్ అనడంతో టెక్ వాళ్లే నెగ్గారని అందరూ అనుకున్నారు. తొమ్మిది నెలలు తిరగకుండా, 2025 సెప్టెంబర్ 19న, అదే ట్రంప్ కొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ సంతకం చేశాడు. బయట ఉన్న ఉద్యోగుల్ని గడువులోపు తిరిగి రమ్మని పెద్ద పెద్ద కంపెనీలే మెయిళ్లు పంపాయి. తీరా చూస్తే, అమెరికాలో ఉండి పొడిగింపు చేయించుకునే మీ అబ్బాయి లాంటి వాళ్లకు అది వర్తించదు. డిసెంబరులో ధీమాపడ్డవాళ్లూ సెప్టెంబరులో బెంబేలెత్తినవాళ్లూ, ఇద్దరూ పొరబడ్డారు.

అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపడం మీద పన్ను కథ కూడా అంతే. మొదట 5 శాతం అన్నారు, ప్రతినిధుల సభ దాటేసరికి 3.5 అయింది. 2025 జులై 4న చట్టమయ్యేసరికి మిగిలింది 1 శాతం, అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి మీకు పంపే డబ్బుకు ఏమీ లేదు. ఈ పన్ను ఉన్న ట్రంప్ పెద్ద బిల్లుకు సెనేట్‌లో ముగ్గురు రిపబ్లికన్లు ఎదురు తిరిగారు. ర్యాండ్ పాల్‌కు అప్పు పరిమితి పెంచడం నచ్చలేదు, టిల్లిస్‌కు పేదల వైద్య పథకం మెడికెయిడ్‌లో కోతలు నచ్చలేదు. చివరికి ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది.

సుంకాల గొడవలో 2025 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500 పది శాతానికి పైగా పడింది. 9న చాలా సుంకాలకు విరామం ప్రకటించగానే ఒక్కరోజులో తొమ్మిదిన్నర శాతం లేచింది. మధ్యలో అమ్ముకున్నవాళ్లు నాకు ఫోన్లు చేశారు లెండి. నిద్ర పట్టకపోతే 401కె లోపలే కొంత బాండ్ ఫండ్‌లోకి మార్చుకోవచ్చు. దానికి జరిమానా లేదు, పన్నూ లేదు.

మీ అబ్బాయికి అసలు ముప్పు బానన్ కాదు, ఉద్యోగం పోతే ఉండే 60 రోజుల గడువు. ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. అందుకే పది నెలల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉండాలంటాను. అది పోగయ్యేదాకా 401కెలో కంపెనీ ఎంతవరకు జత చేస్తుందో అంతవరకే వేయమనండి.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది కోడలు ఇంట్లోనే ఉంటుందన్న మాట. భర్తకు ఐ-140 ఆమోదం ఉంటే హెచ్4 (హెచ్1బి వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీదున్న భార్య పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2015 నుంచీ ఉంది ఈ నియమం. ట్రంప్ మొదటి హయాంలో తీసేస్తామన్నారు, తీయలేదు. దీని మీద వేసిన కేసును 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకే తీసుకోలేదు. అయితే అదే నెలాఖరు నుంచి పునరుద్ధరణ దరఖాస్తు పెట్టగానే దానంతటదే వచ్చే గడువు పొడిగింపు ఆపేశారు. కాబట్టి అనుమతి వచ్చాక దాన్ని ముందుగానే పునరుద్ధరించుకోవాలి. ఆమెకు పని చేసే ఉద్దేశం ఉంటే, ఆ రెండో జీతం ఏ స్థలం కన్నా పెద్ద రక్ష. పిల్లలు చిన్నవాళ్లా, ఆమె ఏం చదివిందో మీరు రాయలేదు. అది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిందే.

స్థలం వద్దని నేననను. ఏటా మిగిలే డబ్బుతో కొనుక్కోవచ్చు. సాగుభూమి మాత్రం వద్దు, ప్రవాసులు కొనకూడదు. స్థలం బదులు ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో వేద్దామని ఎవరన్నా అంటే, అమెరికాలో వాటి పన్ను లెక్కలు ప్రాణం తీస్తాయి, ముందు అక్కడి ఆడిటర్‌ని అడగమనండి.

ఐ-140 ఆమోదపత్రం నకలు తన దగ్గర ఉందో లేదో మీ అబ్బాయిని ఈ వారంలోనే అడగండి. చాలామందికి అది కంపెనీ లాయరు దగ్గరే ఉండిపోతుంది. 401కెలో కంపెనీ వేసిన వాటా ఎంతవరకు తన సొంతమైందో కూడా కనుక్కుని, అప్పుడు మళ్లీ రాయండి.