పొద్దున్నే వృక్షాసనంలో (ఒంటికాలి మీద నిలబడే ఆసనం) తూలిపోతున్నాను, సాయంత్రం బాగానే నిలబడుతున్నాను. లేవగానే కూర్చుని ముందుకు వంగి, కాళ్ల కండరాలను రెండేసి నిమిషాలు సాగదీసి వెంటనే ఆసనం వేస్తున్నాను. వార్మప్ చేస్తే నిలకడ వస్తుందా?

వస్తుందండీ. అయితే మీరు రాసినట్టు కండరాలను అలా సాగదీసి వెంటనే ఆసనం వేస్తే పెద్దగా లాభం ఉండదు. ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి అలా లాగి పట్టుకుంటే కాసేపు దాని బలం కొద్దిగా తగ్గుతుంది. దాన్ని ఆసనం తర్వాతకి మార్చండి.

ఒంటికాలి మీద ఉన్నంతసేపూ చీలమండ అటూ ఇటూ సర్దుకుంటూనే ఉంటుంది. కళ్లు, లోపలి చెవి, పాదంలోని స్పర్శ, కండరాలు, కీళ్లు పంపే కబురు అన్నీ కలిపి మెదడు ఆ సర్దుబాటు చేయిస్తుంది. కండరం వేడెక్కితే నాడుల్లో సంకేతం వేగంగా పోతుంది, కండరం చప్పున బిగుస్తుంది. ఒరుగు చిన్నగా ఉండగానే దిద్దుకోగలుగుతారు. సాయంత్రానికి ఒంట్లో వేడి పెరిగి, రోజంతా తిరిగిన కీళ్లు వదులై ఉంటాయి కాబట్టే అప్పుడు మీకు సులువు.

పొద్దున చెప్పులు లేకుండా ఐదారు నిమిషాలు చేతులు ఊపుతూ చురుగ్గా నడవండి. తర్వాత గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం 12 సార్లు, మడమల మీద ఉండి కాలి ముందు భాగం ఎత్తడం 12 సార్లు, చీలమండ గుండ్రంగా తిప్పడం రెండు వైపులా పదేసి. కాలిని ముందుకీ వెనక్కీ, ఆపైన పక్కకీ పదేసి సార్లు ఊపండి. చివర్లో పాదాన్ని పిక్కకు ఆనించి 20 సెకన్లు, ఒక్కో కాలికి రెండుసార్లు. ఇది అసలు ఆసనానికి రిహార్సల్, దీన్ని మాత్రం వదలొద్దు. పాదం మోకాలి మీద ఎప్పుడూ ఆనించకండి.

వార్మప్ ఎక్కువైనా చెడుతుంది. పిక్కలు మండేదాకా మడమలు ఎత్తితే అలసిన కండరం ఒరుగును ఆలస్యంగా పట్టుకుంటుంది. స్కిప్పింగ్‌తో ఆయాసం తెచ్చుకుంటే ఆ ఊపిరే ఒంటిని ఊపుతుంది. కాస్త చెమట పట్టి, ఆగకుండా మాట్లాడగలిగే స్థితి చాలు. తర్వాత పది నిమిషాలు ఫోన్ పట్టుకుని కూర్చుంటే వేడి దిగిపోతుంది. ఆసనానికి ముందు తల గిరగిరా తిప్పకండి, లోపలి చెవి లెక్క తప్పుతుంది. మందపాటి మ్యాట్ కన్నా గట్టి నేల మేలు.

వార్మప్ ఇచ్చే నిలకడ ఆ పూటదే. అసలైన నిలకడ వారాల తరబడి సాధనతోనే పెరుగుతుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం రూపొందించిన 20 నిమిషాల ఫిఫా 11 ప్లస్ వార్మప్‌లో ఒంటికాలి సాధనను విడిగా చేర్చింది అందుకే.

ఒక్క కాలి మీదే తూలుతుంటే, ఆ చీలమండ ఎప్పుడైనా బెణికిందేమో గుర్తు తెచ్చుకోండి. ఆ కాలికి రిహార్సల్ మరో రెండుసార్లు చేయించండి. కాలు వణకడం కాకుండా లేవగానే తల తిరుగుతున్నట్టుంటే, ముఖ్యంగా బీపీ మాత్రలు వాడుతుంటే, వార్మప్ సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చెప్పండి.