యూనివర్సిటీలో నంబర్ వన్ అయితే డిగ్రీ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాకతీయ యూనివర్సిటీ టెన్నిస్ జట్టులో మొదటి సింగిల్స్ ఆటగాడు. సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు రెండుసార్లు వెళ్లొచ్చాడు. ఇప్పుడు డిగ్రీని దూరవిద్యలోకి మార్చుకుని, హైదరాబాద్‌లో అకాడమీలో చేరి ప్రొఫెషనల్ అవుతానంటున్నాడు. కాదంటే అమెరికా కాలేజీకైనా పంపమంటున్నాడు. మాది కిరాణా దుకాణం. ఏం చేయమంటారు? - ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ముందు ఆ దూరవిద్య ఆలోచన మాన్పించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడాలంటే రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి. దూరవిద్యకు మారిన రోజే మీవాడు యూనివర్సిటీ జట్టుకు దూరమవుతాడు. జట్టుతోపాటు ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ దారీ మూసుకుపోతుంది. ప్రాక్టీస్‌కు టైం దొరకడం లేదన్నదే బాధైతే, యూనివర్సిటీ తరఫున ఆడిన రోజులకు హాజరు ఇవ్వమని ప్రిన్సిపాల్‌కు ముందుగానే దరఖాస్తు పెట్టించండి. టోర్నీ ముగిశాక వెళ్లి అడిగితే పని కాదు.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులు ఆలస్యంగా తెలుసుకుంటారు. ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ ర్యాంకింగ్ టోర్నీలు ఎన్ని ఆడినా, అక్కడ పిల్లవాడు తన సొంత పేరు మీద ఆడినట్టే లెక్క. కేంద్ర ప్రభుత్వ క్రీడాకోటా ఉద్యోగాలకు అడిగేది దేశానికో, రాష్ట్రానికో, యూనివర్సిటీకో ప్రాతినిధ్యం వహించాడా అని. యూనివర్సిటీకి ఆడిన దానికి సాక్ష్యం ఫారం-3. దాని మీద యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం ఉండాలి. రెండు సౌత్ జోన్‌లు ఆడాడు కదా, ఆ రెండింటివీ ఈ నెలలోనే తీసుకోండి. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా రాకూడదు. పోటీ జరిగిన ఊరు, తేదీలు, జట్టుకు వచ్చిన స్థానం ఖాళీగా వదిలేస్తే సర్టిఫికెట్ల పరిశీలనలో దాన్ని పక్కన పెడతారు. డిగ్రీ అయిపోయి, అధికారులు మారాక పాత రికార్డులు తీయించడం ఎంత తిప్పలో ఎవరినడిగినా చెబుతారు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. రైల్వే, ఆదాయపు పన్ను శాఖల్లోనూ క్రీడాకోటా నోటిఫికేషన్లు పడుతుంటాయి. అయితే ప్రతి నోటిఫికేషన్‌లో టెన్నిస్ ఉండదు, ఉన్నా ఒకటో రెండో పోస్టులు. అందుకే అవి పడేనాటికి కాగితాలు చేతిలో ఉండాలి.

ఇక అసలు ప్రశ్న, వాడి ఆట ఏ స్థాయిది? యూనివర్సిటీలో మొదటివాడు కావడం చిన్న విషయమేమీ కాదు. కానీ అక్కడ ఎదురయ్యేది ఏటా అదే నలుగురైదుగురు. మొదటి సర్వ్ తప్పినప్పుడు మెల్లగా వేసే రెండో సర్వ్ కూడా వాళ్ల మీద నడిచిపోతుంది. బయట పురుషుల టోర్నీలో అదే సర్వ్‌ను ఒక అడుగు ముందుకొచ్చి కొట్టేస్తారు. కాబట్టి హైదరాబాద్‌లో జరిగే పురుషుల ర్యాంకింగ్ టోర్నీల్లో అయిదు మ్యాచ్‌లు ఆడించి, నోట్‌బుక్‌లో మూడు లెక్కలు రాయించండి: మొదటి సర్వ్ ఎంత శాతం పడింది, రెండో సర్వ్ మీద ఎన్ని పాయింట్లు గెలిచాడు, ఎదుటివాడి రెండో సర్వ్ మీద ఎన్ని గెలిచాడు. తన రెండో సర్వ్ మీద సగం పాయింట్లు కూడా రాకపోతే వాడికి ఇప్పుడు కావాల్సింది అకాడమీ హాస్టల్ కాదు, ఆరు నెలలు రోజూ ఒక బుట్టెడు బంతులతో సర్వ్ సాధన. దానికి హన్మకొండ కోర్టే చాలు. గట్టి ప్రత్యర్థుల కోసం వారానికోసారి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ప్రొఫెషనల్ ఆట ఖర్చులు కిరాణా లెక్కలా చూద్దాం. అంతర్జాతీయ టెన్నిస్‌లో అట్టడుగు మెట్టు పురుషుల ఎం15 టోర్నీలు. మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. సింగిల్స్ మొదటి రౌండ్‌లో ఓడితే వచ్చేది సుమారు 156 డాలర్లు, అంటే పన్ను కోతకు ముందు దాదాపు 13-14 వేల రూపాయలు. టోర్నీ గెలిచినవాడికి 2,160 డాలర్లు. అదీ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో చోటు దొరికితేనే. కొత్తవాడు ముందు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలవాలి. మన దేశంలోనే జరిగినా రైలు, గది, తిండి, స్ట్రింగింగ్ (రాకెట్ తీగలు వేయించడం) కలిపి వారానికి 20 నుంచి 30 వేలు అవుతుంది, కోచ్ వెంట వస్తే రెట్టింపు. 2013 లెక్కలతో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య చేయించిన సమీక్షలో ఖర్చులు, రాబడి సమానమయ్యేది పురుషుల్లో 336వ ర్యాంకు దగ్గర అని తేలింది. అది కూడా కోచ్ ఖర్చు కలపకుండా. షాపులో సరుకు తగ్గించి పెట్టే డబ్బు కాదిది.

అమెరికా దారి నిజంగానే మంచి దారి. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీకి ఆడుతూ 2007, 2008లో వరుసగా అమెరికా కాలేజీ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 2007 ఫైనల్లో ఆయన చేతిలో ఓడిన జాన్ ఇస్నర్ జార్జియా యూనివర్సిటీలో నాలుగేళ్లూ ఆడాకే ప్రొఫెషనల్ అయ్యాడు, తర్వాత ప్రపంచ 8వ ర్యాంకు దాకా వెళ్లాడు. సోమ్‌దేవ్ 2010 ఆసియా క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం తెచ్చాడు, 2011లో 62వ ర్యాంకుకు చేరాడు. మన తెలుగువాళ్లలో సాకేత్ మైనేని అలబామాలో, సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడినవాళ్లే. అక్కడ కోచ్, జిమ్, ఫిజియో, ప్రయాణాలు కాలేజీ చూసుకుంటుంది, డిగ్రీ చేతికొస్తుంది.

మీవాడికి చిక్కు వేరే ఉంది. అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో నాలుగు సీజన్లు ఆడటానికి అయిదేళ్ల గడువు ఉంటుంది. ఆ గడియారం ఏ దేశంలోనైనా కాలేజీలో పూర్తికాల విద్యార్థిగా చేరిన రోజు నుంచే తిరుగుతుంది. బీకాంలో చేరినప్పుడే మొదలైంది కాబట్టి, రెండో సంవత్సరం పూర్తయ్యేసరికి రెండేళ్లు పోయినట్టే. దాని కింది స్థాయి డివిజన్ 2లో చదివిన సెమిస్టర్లు లెక్కిస్తారు, గడిచిన ఏళ్లు కాదు. అయినా మీవాడికి నాలుగు సెమిస్టర్లు అయిపోయినట్టే. పురుషుల టెన్నిస్‌లో పూర్తి స్కాలర్‌షిప్ అరుదు, జట్టులో ఎనిమిది పదిమందికి పంచుతారు. సగం ఫీజు మాఫీ అన్నా మిగతా సగం లక్షల్లో ఉంటుంది. 'వంద శాతం ఇప్పిస్తాం' అని ముందే ఫీజు అడిగే ఏజెంట్లకు పైసా ఇవ్వకండి. వాడే నేరుగా కోచ్‌లకు మెయిల్ రాయాలి. అక్కడి కోచ్‌లు ముందు చూసేది యూటీఆర్ రేటింగ్, అంటే మ్యాచ్ ఫలితాలను బట్టి ఆటగాడి స్థాయికి ఇచ్చే అంకె. పురుషుల డివిజన్ 1 మధ్యస్థాయి జట్లలో సుమారు 12 ఉంటేనే జవాబు వస్తుంది. వీడియో కోర్టు చివరి గీత (బేస్‌లైన్) వెనక, కాస్త ఎత్తు నుంచి తీయాలి. గెలిచిన షాట్లే అతికించినది వద్దు. ఓడిన పాయింట్లూ ఉన్న పది పదిహేను నిమిషాల మ్యాచ్ పంపాలి. ప్రైజ్ మనీ తీసుకుని ఉంటే ఖర్చుల రసీదులు దాచండి, అర్హత పరిశీలనలో అడగొచ్చు.

నా సలహా ఇది. బీకాం మూడో ఏడాది రెగ్యులర్‌గానే పూర్తి చేయించండి. ఈ ఏడాదిలో పన్నెండు టోర్నీలకు సరిపడా డబ్బు విడిగా పెట్టండి, అంతకు మించి వద్దు. వాటిలో పురుషుల జాతీయ ర్యాంకు మెరుగుపడి, ఎం15 క్వాలిఫయింగ్‌లో రెండు మూడు మ్యాచ్‌లు గెలిస్తే ఇంకో ఏడాది ఇవ్వొచ్చు. లేకపోతే ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి రెండేళ్ల బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ)లో చేరొచ్చు. అది రెగ్యులర్ కోర్సే కాబట్టి, వయసు 25 దాటనంత వరకు యూనివర్సిటీ జట్టులోనూ ఆడొచ్చు. పక్కనే కోచింగ్ లెవల్-1 కోర్సు చేస్తే సాయంత్రాలు పిల్లలకు నేర్పుతూ స్ట్రింగింగ్ ఖర్చయినా తనే సంపాదించుకుంటాడు. కోచింగ్‌నే వృత్తిగా తీసుకోవాలనుకుంటే డిగ్రీ తర్వాత జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఉంది. అక్కడి ఎంపికలోనూ అడిగేది ఆ ఫారం-3 లాంటి కాగితాలనే.