నాయనమ్మ అద్దంబల్లకి రంగు వేసేముందు

చిట్టితల్లీ,

నాయనమ్మ అద్దంబల్ల పటమటలో మీ ఇంటికి చేరిందని నాన్న చెప్పాడు. నువ్వు పంపిన ఫొటోలూ చూశాను. తెల్లరంగు వేసి, అంచులు అరగదీసి ‘షాబీ షిక్’ పద్ధతిలో చేస్తానన్నావు. చెయ్యి, నాకు సంతోషమే. ఇరవై ఏళ్లుగా ఈ బ్రాడీపేట ఇంట్లో పాత సామాను నా చేత్తోనే బాగుచేసుకుంటున్నాను కనుక, నువ్వు బ్రష్షు పట్టేలోపు నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఏది వేయాలో, ఏది వేయకూడదో తేల్చుకో. తాతయ్య పడక్కుర్చీ కూడా నీ దగ్గరే ఉంది. అది టేకు. దాని మీద రంగు చుక్క కూడా పడనివ్వకు, శుభ్రం చేసి లక్క పాలిష్ పెట్టిస్తే చాలు. అద్దంబల్ల మామిడికర్రది. ఎన్నోసార్లు నల్లపాలిష్ పూసి పూసి మచ్చలు పడింది, దానికి రంగే మేలు. వెనక ప్లైవుడ్డు పొరలు విడిపోయి ఉంటే మాత్రం దాన్ని తీసేసి కొత్త ముక్క కొట్టించు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మీ పిన్ని ఇల్లు మునిగింది కదా, ఆ నీళ్లలో నానిన ప్లైవుడ్డు అలమర ఎంత ఎండబెట్టినా మళ్లీ దగ్గరపడలేదు. పక్కనే ఉన్న పాత టేకు పెట్టె నీడలో నెల రోజులు ఆరి నిలబడింది.

సొరుగుల కింద సన్నటి రంధ్రాలు, పిండిలా రాలిన పొడి కనిపిస్తే అది పుచ్చు. చేతికి తొడుగులు వేసుకుని, హార్డ్‌వేర్ కొట్లో దొరికే చెదల మందు సిరంజితో ఒక్కొక్క రంధ్రంలోకి ఎక్కించి, రంధ్రాలు మైనంతో మూసెయ్యి. పుచ్చు ఉండగా పైన ఎంత ఖరీదైన రంగు వేసినా దండగే.

తర్వాత కడగడం. అందరూ తొందరపడేది ఇక్కడే, నేనూ పడ్డాను. మొదటిసారి ఒక కుర్చీకి సరిగ్గా కడగకుండానే రంగు వేశాను. తలనూనె తగిలే వీపుచెక్క మీద రంగు నెలలోపే పెచ్చులుగా లేచింది. నాయనమ్మ బల్ల మీద నలభై ఏళ్ల కొబ్బరినూనె, పౌడరు, కుంకుమ ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్లలో చాకలిసోడా కలిపి, పిండిన గుడ్డతో రెండుసార్లు తుడువు, ఆపైన మంచినీళ్ల గుడ్డతో ఒకసారి. ఒక రోజంతా ఆరనివ్వు. అప్పుడు 120 నంబరు గరుకు కాగితం పెట్టి కర్ర చారల వెంటే రుద్దు. అడ్డంగా రుద్దితే ఆ గీతలు రంగులోంచి కూడా కనబడతాయి.

దాంతోపాటు ఉన్న ఆకుపచ్చ స్టూలుని మాత్రం పొడిగా రుద్దొద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో తొంభై పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఆ స్టూలు ఎనామెల్ అంతకంటే చాలా పాతది. ముక్కుకు మంచి మాస్కు కట్టుకుని, వాటర్ పేపరు తడిపి రుద్ది, ఆ మడ్డి తడిగుడ్డతో ఎత్తెయ్యి. బుజ్జిగాడిని ఆ రోజు మీ అమ్మ దగ్గర వదిలిపెట్టు. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పకుండా విను.

చీలికలూ గుంటలూ పూడ్చడానికి కొండపల్లి బొమ్మలవాళ్ల పద్ధతి నాకిష్టం. వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికిస్తారు. మనకి సన్నటి రంపపు పొట్టు, ఫెవికాల్ చాలు. అడితిలో అడిగితే పొట్టు ఊరికే ఇస్తారు.

పాతపాలిష్ మీద సరాసరి తెలుపు వేస్తే నాలుగు రోజుల్లో పసుపుపచ్చ మరకలు పైకి వస్తాయి. ముందు లక్క పాలిష్ పలచగా రెండు పూతలు వెయ్యి, మరక కిందే ఆగిపోతుంది. రంగు కోసం సుద్దలా మెరుపు లేకుండా ఆరే ఖరీదైన చాక్ పెయింటు డబ్బా కొనక్కర్లేదు. గోడలకి వేయగా మిగిలిన ఎమల్షన్ ఉంటే అదే వాడు. డిస్టెంపర్ వద్దు, చేతికి రాలుతుంది. ఒక వంతు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ని నీళ్లలో మజ్జిగలా ఉండలు లేకుండా కలిపి, గుడ్డలో వడకట్టి, మూడు వంతుల ఎమల్షన్‌లో పొయ్యి. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడుతుంది, గంటలో అయిపోయేంతే కలుపుకో. అద్దంబల్లకి రెండు పూతలకీ కలిపి లీటరు చాలు. పాలతెలుపు వద్దమ్మా, మీగడరంగు తీసుకో, మన దుమ్ముకి అదే ఓర్చుకుంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం వేయకు. బ్రష్షు రెండోసారి తిరిగేలోపు రంగు ఆరిపోయి చారలు పడతాయి. పొద్దున్నే, నీడలో వెయ్యి.

ఇక అరగదీయడం. ఈ ‘షాబీ షిక్’ అన్నపేరుతో రేచెల్ ఆష్‌వెల్ అనే ఆవిడ 1989లో అమెరికాలోని శాంటా మోనికాలో కొట్టు తెరిచింది, పేరు అలా పాకింది. ఆ అందమంతా ఏళ్ల తరబడి మనుషుల చేతులు తగిలి అరిగిన సామానులో ఉంది. అందుకే కనబడిన చోటల్లా గీకితే అబద్ధంలా ఉంటుంది. మొదటి పూత బూడిదనీలం వేసి ఆరాక, చెయ్యి నిజంగా తగిలే చోట్ల, అంటే సొరుగు అంచులు, మూలలు, కాళ్ల మడతల మీద కొవ్వొత్తి రుద్దు. పైన మీగడరంగు వెయ్యి. ఆరాక అక్కడే 220 కాగితంతో మెల్లగా తీస్తే కింది నీలం తొంగిచూస్తుంది. చెక్క మధ్యలో గీకకు, అక్కడ ఎవరి చెయ్యీ తగలదు.

కుడివైపు పైసొరుగు అంచు చూశావా? నడిమిన కాస్త లోతుగా అరిగి ఉంటుంది. మా అమ్మ, అదే మీ నాయనమ్మ, రోజూ తెల్లవారుజామున దువ్వెన కోసం బొటనవేలు పెట్టి లాగిన చోటు అది. నీ వేలు పెట్టి చూడు, సరిపోతుంది. దానికి మక్కు పెట్టొద్దు, రుద్దొద్దు. అక్కడ ఒక్క పలచటి పూత చాలు.

పైచెక్కకి నీళ్లతో కలిపే మ్యాట్ వార్నిష్ వెయ్యి. నూనె వార్నిష్ తెలుపుని పసుపు చేస్తుంది. ఇత్తడి పిడులు చింతపండుతో తోము, మూలల్లో నలుపు ఉంటే ఉండనీ. సొరుగుల్లో పరవడానికి మా అమ్మ మంగళగిరి చీర ఒకటి చిరిగినది నా దగ్గర ఉంది, కొలతలు చెబితే కత్తిరించి కుట్టి పెడతాను.

మా ముందుగది గోడలకి వేయగా సగం డబ్బా మీగడరంగు కూడా మిగిలింది. ఆదివారం నాన్నని బండి మీద పంపు, కొనకు.

మీ అత్త