జపాన్, అమెరికా ప్లైవుడ్ దిగుమతులను ఏళ్లవారీగా ఎలా పోల్చాలి?

వరంగల్‌లో డిగ్రీ ప్రాజెక్టు కోసం, రెండు దేశాల లెక్కనూ డాలర్లలో పోలిస్తే చాలదా అని అడిగారు. చాలదు. డాలర్ల లెక్కలో ధరల పెరుగుదల, మారకం విలువ కలిసిపోతాయి, సరుకు ఎంత వచ్చిందో తేలదు. ఘనపు మీటర్లు తీసుకోండి. షీట్ల సంఖ్యా పనికిరాదు: హనుమకొండ షాపుల్లో దొరికే 8×4 అడుగుల షీటు 19 ఎంఎం అయితే ఘనపు మీటరుకు దాదాపు 18 వస్తాయి, 6 ఎంఎం అయితే 56. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) డేటాలో 1961 నుంచి ఈ లెక్క దొరుకుతుంది.

గ్రాఫ్ గీశాక మలుపుల దగ్గర ఆగండి, అసలు విషయం అక్కడే ఉంటుంది. జపాన్ ఒకప్పుడు దుంగలు తెప్పించుకుని ప్లైవుడ్ సొంతంగా చేసుకునేది. 1985లో ఇండోనేషియా దుంగల ఎగుమతిని నిషేధించాక, తయారైన ప్లైవుడ్ కొనడం పెరిగింది. అందుకే జపాన్‌కు దుంగల దిగుమతి గీతను కూడా పక్కనే వేయండి. లేకపోతే వాడకమే పెరిగిందని పొరబడతారు. తర్వాత సొంత అడవుల సుగి (జపాన్ దేవదారు రకం చెట్టు) కలపకు మళ్లడంతో దిగుమతులు తగ్గాయి.

అమెరికా విషయం వేరు. 2018లో చైనా హార్డ్‌వుడ్ ప్లైవుడ్‌పై భారీ సుంకాలు పడ్డాక వియత్నాం వాటా పెరిగింది. మొత్తం అంకెలో ఇది కనపడదు, ఎగుమతి చేసే దేశాలవారీగా విడగొట్టి చూడండి.