కుర్చీలో కూర్చునే ముందు: పెద్దనాన్న ఉత్తరం

కొడుకా,

ప్రభువు నామంలో వందనాలు. గ్రూప్-4లో నీకు ఉద్యోగం వచ్చిందని, తహసీల్దార్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు మీ పెద్దమ్మ ఉన్నచోటే మోకరించి చాలాసేపు ప్రార్థన చేసింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్చీ ఎట్లాంటిదో నాకు తెలుసు. 1987లో చేరి 2020లో రిటైరయ్యేదాకా రెవెన్యూలోనే ఉన్నాను. ఫోన్లో చెప్పలేని సంగతులు కొన్ని ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను.

ముందుగా నా తప్పు చెప్తాను. మీ నాన్నకు కూడా ఇది తెలియదు.

1989. అప్పట్లో ఎమ్మార్వో ఆఫీసనేవాళ్లం. తండా నుంచి ఒక ముసలాయన పంట అప్పు కోసం పహాణీ (భూమి రికార్డు) నకలు అడుగుతూ వచ్చాడు. అరగంట పని. పక్క సీటు సీనియర్ నాకు నేర్పిన పాఠం ఏమిటంటే, రెండుసార్లు "రేపు రా" అంటే మూడోసారి వాళ్లే తెస్తారని. అట్లాగే జరిగింది. మూడో రోజు ఆయన రుమాలు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు తీశాడు. మడత మీద మడత పెట్టి గోరంత చేశాడు దాన్ని. చెమటకు తడిసి మెత్తబడింది. తీసుకుని జేబులో వేసుకున్నాను.

ఆ ఆదివారం మన గుడిలో ప్రభు సంస్కారం. అందరితోపాటు బలిపీఠం ముందు మోకరించి, ఎడమ చేతి మీద కుడి చేయి పెట్టి చాపాను. అయ్యగారు వరసగా రొట్టె ఇస్తూ నా దాకా వచ్చేసరికి నా అరచేతిలో నాకు ఆ తడి నోటే కనిపించింది. చేతులు ముడుచుకుని లేచి వచ్చేశాను. మీ పెద్దమ్మ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. అది ఇంకో అబద్ధం.

సోమవారం ఆఫీసు అయ్యాక సైకిల్ మీద తండాకు పోయాను. బైబిల్లో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు కదా, అందుకని ఎనభై రూపాయలు పట్టుకుపోయాను. నన్ను చూడగానే ఆ ముసలాయన మొఖం పాలిపోయింది. మంచం మీది నుంచి లేచి, చేతులు జోడించి, "ఇంకేం కావాలె సారూ?" అన్నాడు. ఇంకా అడగడానికి ఇంటిదాకా వచ్చాననుకున్నాడు. సంగతి చెప్పి డబ్బు చేతిలో పెడితే ఒక్క ఇరవై నోటు తీసుకుని మిగతా అరవై వెనక్కి ఇచ్చాడు. "నాది ఇరవయ్యే గద సారూ."

నేను గుమ్మంలోకి వస్తే ఒక పేదవాడు వణికాడు కొడుకా. లంచం అంటే నాకు గుర్తొచ్చేది ఆ వణుకే.

అందుకే నీకు చెప్పేది, ఈ నిర్ణయం కుర్చీలో కూర్చోకముందే జరిగిపోవాలి. దానియేలు రాజు భోజనం ముట్టనని ముందే మనసులో గట్టి చేసుకున్నాడు, విస్తరి ముందు కూర్చున్నాక ఆలోచించలేదు. నోటు బల్ల మీదికి వచ్చాక ఆలోచిస్తే మన బుద్ధి మన పక్షాన ఉండదు. ఇంటి అద్దె గుర్తుకొస్తుంది, చెల్లి ఫీజు గుర్తుకొస్తుంది, "ఇష్టంగానే ఇస్తున్నాడు కదా" అనిపిస్తుంది.

బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సుంకరులు (పన్నులు వసూలు చేసేవాళ్లు), సిపాయిలు వచ్చి మేమేం చేయాలని అడిగిన చోటు లూకా మూడో అధ్యాయంలో ఉంది, చదువు. ఉద్యోగం మానేయమని ఆయన వాళ్లకు చెప్పలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, జీతంతో తృప్తి పడమన్నాడు. రెవెన్యూలో ఉంటే క్రైస్తవుడిగా బతకలేవని నీకు చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకు.

జనం ఇచ్చేదాన్ని కాదనడం తేలికే. తోటివాళ్లు ఇచ్చేది కష్టం. నెలకో వారానికో పంపకం జరుగుతుంది, నువ్వు అడగకపోయినా నీ సొరుగులో ఒక కవరు ఉంటుంది. అదే రోజు, ఎవరు పెట్టారో వాళ్లకే, పక్కకు పిలిచి ఇచ్చెయ్. "నాకొద్దన్నా, ఏమనుకోకు" అంటే చాలు. అక్కడ వాక్యం చెప్పొద్దు, నేను క్రైస్తవుణ్ణని చాటుకోవద్దు. నిన్ను అనుమానిస్తారు, ఏసీబీకి చెప్తావేమో అనుకుంటారు. ఆర్నెల్లు ఓపిక పట్టు.

ఏసీబీ సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసులో ఒకరిని పట్టుకున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు. ముట్టుకున్న వేళ్లను సోడియం కార్బనేట్ కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ గ్లాసు వైపు చూస్తూ ఆయన పిల్లల పేర్లు తలుచుకుని ఏడ్చాడు. 1988 అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇప్పుడు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. కానీ ఆ భయాన్ని నమ్ముకోకు. భయంతో మానినవాడు కొన్నాళ్లకు దళారీని పెట్టుకుంటాడు. నోటు తను ముట్టుకోడు, అంతే.

ఇంకో మాట. డబ్బు తీసుకోకుండా ఫైలు మూలన పడేసేవాళ్లను కూడా చూశాను, మన గుడివాళ్లలోనే. నేను నీతిమంతుణ్ణని వాళ్లకు మహా ధీమా. వచ్చినవాడు పది రోజులు కూలి పోగొట్టుకుని తిరిగితే అది లంచం కంటే ఎక్కువే కదా. ఆలస్యమే లంచానికి అంగడి. దరఖాస్తు తీసుకున్న రోజే తేదీ వెయ్, ఎప్పుడు రావాలో కాగితం మీద రాసివ్వు, ముసలివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడు. బిషప్ అజరయ్యగారు 1912 నుంచి డోర్నకల్‌లో ఉన్న రోజుల్లో, బాప్తిస్మం పొందినవాళ్ల చేతిని వాళ్ల తలమీదే పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని వాళ్లతో చెప్పించేవారని మా తాత చెప్పేవాడు. నీకు సువార్త చెప్పే చోటు ఆ బల్లే.

దావత్‌లు ఉంటాయి. పో, అందరితో కలిసి తిను, మందు దగ్గర వద్దని చెప్పు, తాగినవాళ్లను బండి మీద ఇంటి దగ్గర దింపు. దసరాకు ఆఫీసులో ఆయుధ పూజ చేస్తారు. ముందు రోజు ఊడ్చి తుడిచే పనిలో అందరికంటే ముందు నువ్వుండు, పూజ వేళ మర్యాదగా పక్కన నిలబడు. వాళ్ల భక్తిని చులకన చేసే మాట నీ నోట రాకూడదు.

మొదటి రెండేళ్లు కారు జోలికి పోకు, ఈఎంఐలు పెట్టుకోకు. తప్పు చేసిన మా వాళ్లలో చాలామందిని దురాశ కంటే అప్పు ముందు పడగొట్టింది.

నష్టం ఉండదని నేను చెప్పను. నాకు ట్రాన్స్‌ఫర్లు ఎక్కువ, ప్రమోషన్ ఆలస్యం. పెద్దదాని కాలేజీ ఫీజుకు మీ పెద్దమ్మ గాజులు కుదువ పెట్టాం, విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. నాతో చేరినవాళ్లకు మేడలు లేచాయి. ఆమె ఒక్కరోజు కూడా నన్ను దెప్పలేదు. అది దేవుడు నాకిచ్చిన పెద్ద ఈవి అనుకుంటాను.

చివరికి కట్నం. ఇది రాయాలని మూడు రోజులుగా అనుకుంటున్నాను. నీకు ఉద్యోగం రాగానే సంబంధాలు మొదలయ్యాయని విన్నాను, ఒకాయన ఎకరం అమ్మైనా ఇస్తానన్నాడట. బల్ల దగ్గర తీసుకోని చేయి పెళ్లిపందిట్లో ఎట్లా చాపుతావు? ఆ ఎకరం నీ కుర్చీకి ధర. 1961 నుంచే కట్నం చట్టప్రకారం నేరం, అయినా మన గుళ్లలోనే లాంఛనాలని పేరు మార్చి తీసుకుని, ఆ సాయంత్రమే కృతజ్ఞత కూడిక పెడుతున్నాం. సంఘ పెద్దగా ఎన్నో పెళ్లిళ్లలో నోరు మూసుకుని కూర్చున్నాను. దానికి నేను జవాబు చెప్పుకోవాలి.

మీ అమ్మ ఏడుస్తుంది. చెల్లి పెళ్లికి ఎక్కడి నుంచి తెస్తామని అడుగుతుంది, అది న్యాయమైన ప్రశ్నే. దానికి మనం వేరే దారి చూద్దాం, నా పెన్షన్లో నుంచి నెలనెలా కొంత పక్కన పెడుతున్నాను. కానీ సంబంధం ఖాయమయ్యాక చెప్తే గొడవవుతుంది. ఈ ఆదివారం గుడి నుంచి రాగానే, అన్నం తిన్నాక, నువ్వే ఆమెతో చెప్పు. సాయంత్రం నాలుగింటికి నేనూ మీ పెద్దమ్మా మీ ఇంటికి వస్తాం.

నీ
పెద్దనాన్న