క్యాచ్ అప్ అంటే ఇంటికి రమ్మని కాదు తమ్ముడూ

అనంతపురం నుంచి డల్లాస్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడు అడిగాడు: ‘మేనేజర్ గురువారం అరగంట క్యాచ్ అప్ అని మీటింగ్ పెట్టాడు. నేను పనిలో వెనకబడ్డాననా?’

టెన్షన్ పడకు. ‘క్యాచ్ అప్ విత్’ అంటే ముందు పోయేవాణ్ణి అందుకోవడం. ‘క్యాచ్ అప్ ఆన్’ అంటే బాకీ పడ్డ పనో, నిద్రో తీర్చుకోవడం. నీకు తెలిసింది ఇంతవరకే. మీ మేనేజర్ అన్నది మూడోది, ఈమధ్య సంగతులేంటో మాట్లాడుకుందామని. డిక్షనరీలో అన్నీ ఉంటాయి, తీరిగ్గా చూసుకో.

ఈ మాటతో నేను పడ్డ తిప్పలు డిక్షనరీలో ఉండవు. 2007 జులై, నేనొచ్చి నెల కూడా కాలేదు. శుక్రవారం సాయంత్రం లిఫ్టు దగ్గర పక్క సీటాయన ‘లెట్స్ క్యాచ్ అప్ సూన్’ అన్నాడు. సూన్ అంటే రేపేనని నేననుకున్నా. రూమ్మేట్‌ను బతిమాలి, కారులో ఇండియన్ స్టోరుకు పోయి బొరుగులు తెచ్చా. మన బజ్జీ మిరపకాయలు దొరక్క హాలపీన్యోలు కొన్నా. శనివారం ఉగ్గాని, బజ్జీలు చేసి, ఉన్న ఒక్క ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నా. మధ్యాహ్నం రెండింటికి గుర్తొచ్చింది, ఆయనకు మా ఇల్లెక్కడో కూడా తెలీదని.

పన్నెండు బజ్జీలూ నేనే తిన్నా. ఊరికి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి పన్నెండున్నర. అమ్మ నిద్రలోంచి లేచి ‘మీ ఆఫీసాయన వచ్చినాడా?’ అంది. ‘వచ్చి, తిని పోయినాడు’ అన్నా.

తర్వాత రెండు వారాలు ఆయనతో ముభావంగా ఉన్నా. పాపం, ఎందుకో ఆయనకు అర్థమే కాలేదు. మనం మాత్రం పోతూ పోతూ ‘వస్తా’ అనమా? వెంటనే వస్తాడని ఎవరైనా ఎసరు పెడతారా? ఇదీ అంతే. రోజు, టైము చెప్పకుండా క్యాచ్ అప్ అంటే మర్యాదకు అన్నమాట. నిజంగా కలవాలనుంటే ‘గురువారం లంచ్‌కు పోదామా’ అని నువ్వే అడగాలి. అది నోట్లోంచి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మీ తరానికి ఇవన్నీ చెప్పేవాళ్లున్నారు, మాకెవరున్నారు? ఇప్పుడు మా ఇంట్లో శనివారమైతే పది ప్లేట్లు లేస్తాయి.

మీటింగుదేముంది, అరగంటలో అయిపోతుంది. శని, ఆదివారాలు ఎవరితో ఉంటున్నావో రాయలేదే? ఒక్కడివే గదిలో ఫోన్ చూస్తూ పడుకుంటున్నావా? ఈ శనివారం పదకొండింటికి మా ఇంటికి రా. అడ్రస్ పంపుతున్నా. బొరుగులు నానబెట్టి ఉంచుతా.