పాఠకుల ప్రశ్నలు: బసకు వచ్చేవారి ఆధార్ ఎంతవరకు అడగవచ్చు?

ప్రశ్న: తిరుపతి భవానీనగర్‌లో మాకు సొంత ఇల్లు ఉంది. పిల్లలు బెంగళూరులో స్థిరపడటంతో మేడ మీది పోర్షన్‌ను దర్శనానికి వచ్చే కుటుంబాలకు ఒక యాప్ ద్వారా రోజువారీ అద్దెకు ఇస్తున్నాము. బుక్ చేసినవారు ఒకరు, వచ్చి దిగేవారు మరొకరు కావడం తరచూ జరుగుతోంది. గుర్తింపు కార్డు చూపమంటే కొందరు, యాప్ వాళ్లు మా వివరాలు ముందే సరిచూశారు, మళ్లీ మీకెందుకని అడుగుతున్నారు. ఇంకొందరు మేము అడగకముందే ఇంటిల్లిపాది ఆధార్ కార్డుల ఫోటోలు వాట్సాప్‌లో పంపేస్తున్నారు. నేను ఏది తీసుకోవాలి, ఏది తీసుకోకూడదు?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, యాప్ నడిపే సంస్థ సరిచూసేది ఖాతా తెరిచిన వ్యక్తి వివరాలను. ఆ ఖాతాతో గది బుక్ చేసి, తెల్లవారుజామున రైలు దిగి తాళంచెవి కోసం మీ గుమ్మంలో నిలబడినవారు ఎవరో ఆ సంస్థకు తెలియదు. కనుక బస చేయబోయే పెద్దలందరి గుర్తింపు కార్డులను మీరు స్వయంగా చూడటం సబబే. ఈ విషయాన్ని యాప్‌లో మీ ఇంటి వివరాలు రాసిన చోటే ముందుగా తెలియజేస్తే, ప్రయాణ బడలికతో వచ్చినవారితో గుమ్మంలో వాదన పెట్టుకోవలసిన అవసరం ఉండదు.

అయితే కార్డు అంటే ఆధారే కానక్కరలేదు. ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ప్రైవేటు వ్యక్తులూ సంస్థలూ ఆధార్‌ను తప్పనిసరిగా అడిగేందుకు వీలు కల్పించిన ఆధార్ చట్టం 57వ సెక్షన్‌లోని భాగాన్ని కొట్టివేసింది. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టులలో ఏది చూపినా మీరు అంగీకరించాలి. తిరుమలలో దర్శన టికెట్టుకూ గదికీ ఆధార్ ఇచ్చి, 2023 మార్చి నుంచి అక్కడ ముఖ గుర్తింపు విధానానికి కూడా అలవాటు పడిన భక్తులు, కింద తిరుపతిలో ఎవరు అడిగినా అంతే సులువుగా కార్డు ఇచ్చేస్తున్నారు. దేవస్థానం దళారులను అరికట్టడానికి చేసుకున్న ఏర్పాటును చూపి, మన మేడ మీది గదికి కూడా అదే హక్కు ఉందనుకోవడం సరికాదని నా అభిప్రాయం.

ఎవరైనా తమంతట తాము ఆధార్ చూపితే, దానిమీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ సంస్థ వారి యాప్‌తో మీ ఫోనులో స్కాన్ చేయండి. అందులోని పేరు, పుట్టిన తేదీ, ఫోటో ఆ సంస్థ డిజిటల్ సంతకంతో ఉంటాయి కాబట్టి, కార్డు మీద అచ్చు మార్చి పేరు దిద్దినవారు అక్కడే దొరికిపోతారు. కేవలం జిరాక్స్ తీసుకుని ఫైలులో పెట్టుకుంటే ఈ రక్షణ ఏమాత్రం ఉండదు, ఎందుకంటే దొంగ కార్డుకు కూడా జిరాక్స్ చక్కగానే వస్తుంది. కార్డులోని ముఖాన్నీ ఎదుట ఉన్న మనిషినీ పోల్చి చూడటం కాగితాల కట్టకంటే ఎంతో విలువైన పని, కానీ చాలామంది యజమానులు దాన్నే వదిలేస్తున్నారు.

ఆ తరువాత ఒక రిజిస్టరులో పేరు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, వెంట వచ్చినవారి పేర్లు, కార్డు రకం, దాని చివరి 4 అంకెలు, వాహనం ఉంటే దాని నంబరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసి సంతకం చేయించుకోండి. పిల్లలకు కార్డు అడగకండి, పేరు రాస్తే చాలు. పోలీసుల ఉత్తర్వుల విషయానికి వస్తే, బస ఇచ్చేవారు వచ్చిపోయేవారి వివరాలు నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 163వ సెక్షన్ కింద అధికారులు ఆదేశించడం చాలా నగరాల్లో ఉన్నదే. అలాంటి ఆదేశం సాధారణంగా రెండు నెలలకు మించి అమలులో ఉండదు కాబట్టి, ఎవరో ఎప్పుడో చెప్పిన మాటను పట్టుకోకుండా, మీ పరిధిలోని స్టేషన్‌కు వెళ్లి ఇప్పుడు ఏది అమలులో ఉందో అడిగి రాసుకోండి. దాన్ని ఉల్లంఘిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 223వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. ఆ ఉత్తర్వు కార్డు నకలు కూడా ఉంచమంటే, మొదటి 8 అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ నకలునే తీసుకుని, ఏ ఇంట్లో ఏ తేదీన బసకు ఇచ్చారో దానిమీద అడ్డంగా రాయించండి.

ఇక వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు. అవి మీ ఫోను గ్యాలరీలోకి, అక్కడి నుంచి ఆన్‌లైన్ నిల్వలోకి, మీరు పంపితే వాచ్‌మన్ ఫోనులోకి కూడా చేరతాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో మీకే తెలియని వందలాది మంది ఆధార్ నంబర్లకు మీరు కావలి కాయవలసి వస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, అవసరం తీరిన సమాచారాన్ని తొలగించాలనే అంటోంది. దయచేసి ఈ రోజే వాటిని అన్నిచోట్లా తొలగించండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబం పాపకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి వచ్చి మా ఇంట్లో దిగుతామంటున్నారు. వారికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, తిరుచానూరు

జవాబు: ఉన్నాయి. మాట, కట్టు, బొట్టు అన్నీ తెలుగువే అయినా, పాస్‌పోర్టు విదేశానిదైతే చట్టం దృష్టిలో వారు విదేశీయులే. తల్లిదండ్రులది భారత పాస్‌పోర్టే అయినా, అక్కడ పుట్టిన పాపది అమెరికా పాస్‌పోర్టు కావచ్చు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన భారత పౌరసత్వం ఉన్నట్లు కాదు. విదేశీయులకు బస ఇచ్చినవారు 24 గంటలలోగా ఆ సంగతిని ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు అధికారులకు తెలియజేయాలి. ఇది పెద్ద హోటళ్లకే కాదు, ఇంట్లో గది ఇచ్చిన మీకూ వర్తిస్తుంది. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చినా ఈ బాధ్యత కొనసాగుతోంది. వారు రాకముందే, ఆ సంగతి తెలియజేసే ఆన్‌లైన్ పోర్టల్‌లో మీ ఇంటి పేరున ఖాతా తెరిచి ఉంచుకోండి.

ప్రశ్న: తిరుపతిలో గది కోసం ఫోను చేస్తే, చిరునామా చెప్పకుండానే ఆరుగురి ఆధార్ రెండువైపులా పంపమని, సగం అద్దె అడ్వాన్సుగా వేయమని అడిగారు. పంపవచ్చా?
– ఒక గృహిణి, పలమనేరు

జవాబు: పంపవద్దు. ఇంటి చిరునామా, యజమాని పేరు, డబ్బు జమయ్యే ఖాతాదారు పేరు ముందు అడగండి. పేర్లు కలవకపోతే అక్కడితో మానుకోండి. తిరుమల కాటేజీల పేరిట నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తుల డబ్బు కాజేసిన ఉదంతాలు ఉన్నాయి. నిజమైన యజమానికి బుకింగ్ కోసం ఒకరి పేరు, ఫోను నంబరు, ఎంతమంది వస్తున్నారన్న లెక్క సరిపోతాయి. కార్డులు వచ్చాక చూపిస్తామని చెప్పండి. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.